పేటిక విన్న పేరు

"ఇరవై అయిదో రోజు. గుడ్లు దొర్లించడం ఆపేశాను. ఇవాళ్టి నుంచి మీరు మాట్లాడవచ్చు," అంది పొదుగుపేటిక.

మస్తానయ్య విననట్టే చద్దన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. నడింట్లో బల్ల మీద, బియ్యపు డబ్బా అంత పేటిక ఇరవై అయిదు రోజులుగా తిష్ఠ వేసి ఉంది. వేడి అదే చూసుకుంటుంది, తేమ అదే చూసుకుంటుంది. ఏడో రోజున లోపల దీపం వెలిగించి, పిల్ల కట్టని నాలుగు గుడ్లను పక్కకు తోసేసింది. చివరికి ఈ ఇంటికీ వచ్చాక, ఇసకపాళెంలో ఇప్పుడు పేటిక లేని ఇల్లు లేదు.

సముద్రం పెన్నా నది మొగలోకి ఎగదన్నాక ఆ చుట్టుపక్కల పొలాల్లో ఏడాది పొడుగునా నీళ్ళే. ఆ నీళ్ళను తట్టుకునే కొత్త వరి వచ్చింది. దాని వెనకే దాన్ని కొరికి తినే నత్తలు వచ్చాయి. మందులు కొట్టడం మానేసి ముప్పై ఏళ్ళయింది కాబట్టి, నత్తలకు బాతులే విరుగుడు. అందుకని ఇంటికొక పేటిక, పేటికకు ముప్పై ఆరు గుడ్లు, ఎవరి మడికి వారి బాతులు.

పేటికలో అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు ఇంటిపిలుపు. పిల్ల పెంకు పగలగొట్టే ముందు మూడు రోజులు బయటి మాటలు వింటుంది. ఆ మూడు రోజులూ ఇంట్లోవాళ్ళు మూత దగ్గర ఏం మాట్లాడినా పేటిక వింటుంది. ఎవరు ఏ మాటను ఎక్కువసార్లు అన్నారో చూసి, ఆ ఒక్క మాటనే, అదే గొంతుతో, గుడ్లకు మాత్రమే వినపడేంత సన్నగా మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. బయటపడిన పిల్లలకు ఇక ఆ గొంతే తల్లి. ఏ మాట తీసుకుందో పేటిక పైకి చెప్పదు. ఎవరేమన్నారో వాళ్ళకు తెలియదా అని తయారుచేసినవాళ్ళ ధీమా. పక్కింటి రోశయ్య ఆ మూడు రోజులూ పేటిక పక్కన కూర్చుని ఫోన్లో అల్లుణ్ణి తిట్టిపోశాడు. ఆయన బాతులు ఇప్పటికీ "వెధవా" అంటేనే వస్తాయి.

మస్తానయ్యకు పేటికను చూస్తే కడుపుమంట. ఒకప్పుడు అతను రెండు వేల బాతుల మందను తోలుకుని, కోతలు ఎటు సాగితే అటు, పెన్నా నుంచి కృష్ణ దాకా నడిచినవాడు. ఇంటింటికీ పేటికలు వచ్చాక మందలతో ఎవరికీ పని లేకపోయింది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆరేళ్ళ కిందట అతని ఒక్కగానొక్క కూతురు కిన్నెర, కాలవ అవతల ఆ పేటికలు తయారుచేసే పొదుగుకేంద్రంలోనే ఉద్యోగానికి చేరింది.

"ఇకమీదట దాని పేరు ఈ ఇంట్లో వినపడగూడదు," అన్నాడు మస్తానయ్య.

"నువ్వు పేరు పెట్టి పిలిచిందాకా నేనూ ఈ గడప తొక్కను నాయనా," అంది కిన్నెర. ఆమెకూ ఆ తండ్రి పట్టుదలే వచ్చింది.

ఆరేళ్ళుగా ఆ పేరు వినపడలేదు. అతని భార్య పెంచలమ్మ చెప్పక తప్పని సంగతి ఏదైనా ఉంటే, "కాలవ అవతల జొరమంట," అనేది గోడ వైపు చూసి. మస్తానయ్య కూడా గోడకే చెప్పేవాడు, "మిరియాల కషాయం తాగమను" అని.

అతని ఉక్రోషానికి ఇంకో కారణం ఉంది. వెనకటి రోజుల్లో బాతు గుడ్లను కోడి కింద పెట్టి పొదిగించేవాళ్ళు. చివరి మూడు రోజులు మస్తానయ్య ఆ బుట్ట దగ్గర కూర్చుని గుడ్లతో ముచ్చట్లు చెప్పేవాడు. ఎనిమిదేళ్ళ కిన్నెర మోకాళ్ళ మీద గడ్డం ఆనించి పక్కనే కూర్చునేది. పేటికలోకి ఆ మూడు రోజుల ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలుసు. తన విద్యను తీసుకుపోయి పరాయివాళ్ళ చేతిలో పెట్టిందని కోపం. ఆ కోపంలో కాస్త గర్వం కూడా కలిసి ఉందని మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

అతను గట్టు మీదికి పోగానే పెంచలమ్మ పేటిక దగ్గర పీట వేసుకుంది. ఆరేళ్ళ మాటలు పేరుకుని ఉన్నాయి ఆమె లోపల. "కిన్నెరా, తిన్నావా? కిన్నెరా, జుట్టు రాలిపోతుండాదంట, కొబ్బరి నూనె రాస్తుండావా?" అంటూ మూతకు నోరు ఆనించి చెప్పుకుంది. గుడ్లు ఎదురు చెప్పవు, మొగుడితో చెప్పవు. మూడు రోజులూ ఆమెకు అదే పని. ఒకటి రెండుసార్లు ఆమె నీళ్ళకు పోయి వచ్చేసరికి మస్తానయ్య పేటిక ముందు తువ్వాలుతో నిలబడి ఉన్నాడు.

"దుమ్ము పడింది, తుడుస్తుండా," అన్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు పెంకులు చిట్లడం మొదలైంది. ఒక పిల్ల సగం పెంకులో ఇరుక్కుని నీరసంగా అరుస్తుంటే పెంచలమ్మ చెయ్యి ముందుకు పోయింది. "తాకవద్దు," అంది పేటిక. "వొద్దే, నెత్తురు పోద్ది. దాని పని దాన్ని చేసుకోనీ," అన్నాడు మస్తానయ్య. అతనూ పేటికా ఒక్క మాట మీద ఉండటం అదే మొదలు. ఒక గుడ్డులో పిల్ల బయటికి రాకుండానే పోయింది. మిగిలిన ముప్పై ఒక్కటీ మర్నాటికి ఆరి, పసుపు రంగు తేలి, కాళ్ళ మీద నిలబడ్డాయి. అతను నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు పరిచాడు. తల్లి రెక్కల జిడ్డు అంటని పిల్లలు నీళ్ళలో దిగి నానితే నిమ్ము చేసి చస్తాయి. నానబెట్టిన నూకలు, తవుడు కలిపి తనే పెట్టాడు. రాత్రీ పగలూ దీపం వేడి చెయ్యి పెట్టి చూశాడు. కడుపుమంట పేటిక మీదే గాని, పిల్లల మీద కాదు.

పిల్లలు ఆరోగ్యంగా పెరిగాయి గాని, పిలిస్తే పలకలేదు. మస్తానయ్య మందల నాటి కేక వేశాడు, "దా... దా... దా..." ఒక్కటీ తల ఎత్తలేదు. "బా బా" అన్నాడు, చప్పట్లు కొట్టాడు, గిన్నె మోగించాడు. రోశయ్య గోడ మీదుగా తొంగి చూసి, "నా మాట అరువిస్తా, పిలిచి చూడు," అని నవ్వాడు.

పదిహేనో రోజున కేంద్రంవాళ్ళ మడితనిఖీ. మూడు పిలుపుల్లో బాతులు రాకపోతే వాటిని కేంద్రం మందలో కలిపేసుకుంటారు. రెండు వేల బాతుల్ని ఒక్క కేకతో కాలవ దాటించిన మనిషి, ముప్పై ఒక్క పిల్లల్ని పిలుచుకోలేక వదులుకున్నాడంటే ఇక బతికి ఉండి ఏం లాభం? మస్తానయ్యకు అన్నం సయించలేదు.

తనిఖీ నాటి పొద్దున పెంచలమ్మ ఉండబట్టలేకపోయింది. "తప్పు నాదేనయ్యా. గుడ్ల కాడ కూర్చుని మూడు రోజులూ దాని పేరే చెప్పినా. అందుకే నీకు పలకడంలా," అని ఏడ్చింది.

అతను మండిపడతాడనుకుంది. అతను కోప్పడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "అట్టయితే నువ్వే పిలువు," అన్నాడు.

తనిఖీ అధికారి రమీజా నెమ్మదైన మనిషి. చేతి పలక తెరిచి గట్టు మీద నిలబడింది. పిల్లలు మడి అవతలి కొసన నత్తల వేటలో ఉన్నాయి. మొదటి పిలుపు మస్తానయ్యదే. పరువు కోసం "దా... దా..." అన్నాడు. అవి వినలేదు.

పెంచలమ్మ ముందుకు వచ్చింది. ఆరేళ్ళ తర్వాత ఆరుబయట, అందరి ముందు, ఆ పేరు ఎత్తింది. "కిన్నెరా!"

ముప్పై ఒక్క తలలూ పైకి లేచాయి. తినడం ఆపి అటూ ఇటూ చూశాయి. కాని ఒక్కటీ కదల్లేదు.

"మాట అదేనమ్మా," అంది రమీజా. "గొంతే వేరే. మీకన్నా ఎక్కువసార్లు ఇంకెవరో అన్నారు."

పెంచలమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె మొగుడి వైపు తిరిగింది. అతను తన కాళ్ళ కింది బురదను చూస్తున్నాడు.

"ఎన్నిసార్లన్నావయ్యా?"

"లెక్కపెట్టుకుంటానా ఏంది," అన్నాడు మస్తానయ్య. "నువ్వు నీళ్ళకు పోయినప్పుడల్లా, నువ్వు నిద్రపోయినాక..." పదిహేను రోజులుగా ఏ పిలుపుకు పలుకుతాయో అతనికి తెలుసు. తెలిసీ పైకి ఆ పేరు ఎత్తలేదు.

"ఇదే చివరి పిలుపు పెద్దాయనా," అంది రమీజా.

అతను దగ్గాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత మందలను కాలవ దాటించిన ఆ పాత గొంతు పైకి లేచింది.

"కిన్నెరా... ఆ... ఆ..."

పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటూ, ఒకదాని మీద ఒకటి పడుతూ పరిగెత్తుకొచ్చి అతని పాదాల చుట్టూ మూగాయి. పెంచలమ్మ ఏడుస్తూనే నవ్వింది.

రమీజా పలక మీద వేలు ఆనించింది. "మీ పిలుపును గట్టు మీది స్తంభాలకున్న గట్టుగొంతుకు ఎక్కించాను. ఇక రోజూ పొద్దుగూకేటప్పుడు స్తంభాలే మీ గొంతుతో పిలుస్తాయి, బాతులు వాటంతటవే ఇంటికొస్తాయి."

"ఎందాకా వినపడుద్దమ్మా?"

"కాలవ దాటి కూడా వినపడుతుంది. వద్దంటారా?"

మస్తానయ్య కాలవ వైపు చూశాడు. "ఉండనీయమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం స్తంభాలు ఒక్కో ఇంటి పిలుపూ ఎత్తుకున్నాయి. ఒకచోట "బుజ్జీ", ఒకచోట "దా దా", రోశయ్య గొంతుతో "వెధవా". చివరన మస్తానయ్య గొంతు ఊరంతా వినపడేలా కూతురి పేరు పెట్టి పిలిచింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి మొహాలు చూసుకున్నారు. బాతులు బుద్ధిగా ఇంటికొచ్చాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పేటికను తయారుచేసినవాళ్ళు పిలుపు ఎంత దూరం పోవాలో లెక్కకట్టారు గాని, ఆ దూరంలో ఎవరు కూర్చుని వింటుంటారో లెక్కకట్టలేదు.

నాలుగో సాయంత్రం మస్తానయ్య బాతుల దొడ్డి తడిక తెరిచి పట్టుకున్నాడు. పిల్లలు వరసగా లోపలికి నడిచాయి. వాటి వెనక, వంతెన మీదుగా చుట్టు తిరిగి రాకుండా కాలవ దిగి, మడికి అడ్డంపడి, మోకాళ్ళ దాకా బురదతో, చెప్పులు చేత్తో పట్టుకుని కిన్నెర వచ్చింది. పెంచలమ్మ చేతిలో చెంబు జారిపోయింది.

"నాలుగు రోజుల నుంచి పిలుస్తుండావు గదా నాయనా," అంది కిన్నెర.

"బాతులు మొదటి రోజే వచ్చినాయి," అన్నాడు మస్తానయ్య.

ఆమె లోపలికి వచ్చేదాకా తడిక పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత వేశాడు.