మందుగదిలో వేలెడంత మనుషులు

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ వెనక ఒక రాతి గది ఉంది. దాన్ని మందుగది అంటారు. మందంటే మీరనుకునే మందు కాదు, బండలు పేల్చే మందు. ఖాజాగూడ గుట్టల్లో రాయి కొట్టిన రోజుల్లో ఆ మందు ఇందులో దాచేవాళ్ళట. కిటికీ లేదు, ఇనప తలుపు ఒక్కటే. ఒకరోజు పొద్దుగూకే వేళ ఇద్దరు రాళ్ళు కొట్టేవాళ్ళు దాని గడప ముందే పోయారని, అప్పట్నుంచి చీకటి పడితే లోపల ఎవరో మసులుతుంటారని చెబుతారు. అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు కూడా దాన్ని కూల్చలేదు. దాని మీద గునపం వెయ్యమని కూలీలు ఖరాఖండిగా చెప్పేశారట.

నేను ఇలాంటివి నమ్మను. నా పేరు రామ్మోహనరావు. ముప్పయ్యేళ్ళు చెక్‌పోస్టుల్లో లారీలు ఆపి, టార్పాలిన్ ఎత్తి, కింద ఏముందో చూసినవాణ్ణి. ఎవరైనా దండం పెడితే ఎందుకు పెట్టాడా అని ఆలోచించే రకం. రిటైరయ్యాక ఊరికే ఉండనివ్వకుండా నన్ను అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీని చేశారు. ఇప్పుడు చెప్పబోయేది మూడో అంతస్తు నీహారిక నాతో చెప్పింది. అందులో నా పాపం కూడా కొంత ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను.

నీహారికది హైటెక్ సిటీలో ఉద్యోగం. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. అనుమానపడటానికి జీతమిస్తారన్నమాట. ఆ పిల్లకి పాత కెమెరాల పిచ్చి. గాజుపలకల మీద ఫోటో తీసే చెక్క కెమెరా, హార్మోనియం తిత్తిలా సాగే మడత కెమెరాలు, రెండు కళ్ళూ ఆనించి చూస్తే లోపలి బొమ్మ లేచి నిలబడే చెక్కపెట్టె, దీపం పెట్టి గోడ మీద బొమ్మలు చూపించే రేకు లాంతరు… అన్నీ కలిపి ఓ నలభై. ఒక్కోదానికీ ఒక చీటీ కట్టి ఉంటుంది, ఎవరింటి నుంచి వచ్చిందో, ఎవరు వాడారో. చాలామటుకు కాలం చేసినవాళ్ళవే. పిల్లలు అటకలు దులిపి అమ్మేస్తే ఈమె తెచ్చుకుంది.

రెండు నెలల్లో వాటిలో ఐదు మాయమయ్యాయి. అన్నీ అద్దాల బీరువాలో వెనక వరసలోవే. ఆఖరుగా పోయింది ఆ చెక్క కెమెరా, దాని ముందుండే ఇత్తడి గొట్టం కటకంతో సహా.

ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ఐదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అత్తగారు బాలాత్రిపురసుందరిగారు కంగారు పడతారని ఒక కారణం. రెండోది భర్త రవికిరణ్ మీద కూడా కాస్త అనుమానం ఉండటం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ పిల్ల నన్ను పట్టమంది.

నేను సీసీ కెమెరాల ముందు రెండు రోజులు కూర్చున్నాను. ఒక గురువారం రాత్రి దొరికింది. మా వాచ్‌మన్ లింగయ్య పెద్ద గుడ్డసంచి పట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ మందుగది వైపు వెళ్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో సంచి లేదు. నడవడం లేదు, పరుగెత్తుతున్నాడు.

పిలిచి అడిగాను.

"నేను దీయలే సార్," అన్నాడు. "గంతకన్న నన్నేం అడగకుండ్రి."

"మరి సంచిలో ఏముంది?"

అతను తాళాలు జేబులో వేసుకుని వెళ్ళబోయాడు.

"సరే, ఆ గది తెరిపిస్తాను."

అప్పుడు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "వద్దు సార్… జర నా మాటినుండ్రి. ఆడ మనుషులు దిరుగుతున్రు. గింతంత మనుషులు… తలకిందులుగ."

వేలు చూపించి మరీ చెప్పాడు, ఎంతెంత ఉన్నారో. నాకు నవ్వొచ్చింది. దొంగసొత్తు దాచినచోట దెయ్యాన్ని కాపలా పెట్టడం చెక్‌పోస్టుల్లో నేను చూడని ఎత్తు కాదు. పైగా మేం వాకబు మొదలెట్టాక ఒక్క వస్తువు కూడా పోలేదు. నాకు ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ రాత్రే సెక్యూరిటీ ఏజెన్సీకి రాశాను, మనిషిని మార్చమని. కారణం దగ్గర "దొంగతనం అనుమానం" అని కూడా రాశాను.

లింగయ్యకి యాభై ఎనిమిదేళ్ళు. భార్య ఎల్లమ్మ మా మెట్లు తుడుస్తుంది. సెల్లార్‌లో గది వాళ్ళకి ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోయింది. ఆ మాట రాశాక ఇంకో ఏజెన్సీ కూడా అతన్ని తీసుకోదు. నాకదంతా తెలుసు. తెలిసే రాశాను. మర్నాడు పొద్దున ఇద్దరూ మూటలు ఆటోలో పెట్టుకుని, ఎవర్నీ ఒక్కమాట అనకుండా వెళ్ళిపోయారు.

ఆ మాట అనకపోవడమే నీహారికకి పడలేదు. దొంగయితే అరిచి గోల చెయ్యాలి కదా… లేకపోతే కాళ్ళమీద పడాలి కదా… రోజంతా అదే ఆలోచన. సాయంత్రం ఏడున్నరకి, చీకటి పడ్డాక, ఎవరికీ చెప్పకుండా ఫోన్ లైటు వేసుకుని మందుగదికి బయల్దేరింది.

ఇక్కణ్ణుంచి ఆమె చెప్పింది చెప్పినట్టు చెబుతాను.

తలుపుకి తాళం లేదు. ఒకప్పుడు తాళం ఉన్నచోట గుండ్రటి కన్నం ఉంది, అందులో ఏదో కూరి ఉంది. సరిగా చూడలేదట. గొళ్ళెం తీసి లాగింది. లోపలికి అడుగు పెట్టింది…

ఎదురుగా, మూరెడు దూరంలో, తెల్లగుడ్డ ముసుగేసుకుని ఎవరో కూర్చుని ఉన్నారు.

కాదు. ఏదో సామాను మీద పాత పంచె కప్పి ఉంది. అంతే. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది. అంతలో వెనక ఇనప తలుపు దాని బరువుకి అదే మూసుకుంది.

బయట ఎక్కడో చప్పుడయింది. దూరంగా… అడుగుల చప్పుడు. లింగయ్య సరుకు కోసం తిరిగొచ్చాడేమో. రానీ, రెడ్‌హ్యాండెడ్‌గా దొరుకుతాడు అనుకుంది. ఓ పక్కకి జరిగి, ఫోన్ లైటు ఆర్పేసింది.

చీకటి. ఏమీ కనిపించలేదు. కాసేపటికి…

గుడ్డ మీద ఏదో వెలుగుతోంది.

పంచె నడిమధ్యన, పళ్ళెమంత మేర, పలచగా వెలుగు. అందులో మా వెనక గేటు ఉంది. తలకిందులుగా. మా గుల్‌మొహర్ చెట్టు కొమ్మలు కిందికి, మొదలు పైకి. పైఅంచు వెంబడి అరచేతంత కారు ఒకటి చక్రాలు పైకి పెట్టుకుని, చప్పుడు లేకుండా పాకుతూ పోయింది. దాని వెనక ఒక మనిషి. వేలెడంత మనిషి. కాళ్ళు పైన, తల కింద, చేతులూపుకుంటూ నడిచి వెళ్ళాడు.

నీహారిక గోడకి అతుక్కుపోయిందట. చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది. లింగయ్య అబద్ధం చెప్పలేదు అన్నది ఒక్కటే ఆ క్షణంలో ఆమెకి అర్థమైన విషయం.

అయితే ఆమె నీహారిక. భయపడుతూనే తప్పు ఎక్కడుందా అని వెతికే మనిషి. వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోంది? తలుపు తడిమింది. కన్నం దగ్గర వేళ్ళకి చల్లగా ఇత్తడి తగిలింది. గుండ్రటి అంచు, దాని చుట్టూ సన్నటి గీతలు. ఆ గీతలు ఆమె ఎన్నోసార్లు మెత్తటి గుడ్డతో తుడిచినవే.

అది ఆమె చెక్క కెమెరా కటకం.

చీకటి గది, ఒక కటకం, ఎదురుగా తెల్లగుడ్డ. మొత్తం గదే ఒక కెమెరా అయిపోయింది. బయట పక్క టవర్ కడుతున్నారు, దాని ఫ్లడ్‌లైట్లకి మా గేటు పట్టపగల్లా ఉంటుంది. ఆ గేటే వచ్చి గుడ్డ మీద తలకిందులుగా పడుతోంది. ఇంత చిన్న సంగతికి ఇంత భయపడ్డానా అని ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే…

గుడ్డ మీద ఒక ఆడమనిషి కనిపించింది.

తలకిందులుగా, ఒక కాలు ఈడ్చుకుంటూ, గేటు దగ్గర్నుంచి తిన్నగా ఇటే వస్తోంది. వేలెడంత ఉన్నది కాస్తా జానెడయింది. అంచులు చెదిరిపోయి ముఖం తెలియడం లేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని దాదాపు పరుగెత్తుతోంది. ఇంకా పెద్దదయింది… గుడ్డంతా నిండిపోయింది…

గొళ్ళెం కదిలింది. తలుపు తెరుచుకుంది.

"నువ్విక్కడికెందుకొచ్చావే తల్లీ?" రొప్పుతూ అన్నారు బాలాత్రిపురసుందరిగారు. "ఈ వేళప్పుడు, ఒట్టి మనిషివి కూడా కాదు. బాల్కనీలోంచి నీ లైటు చూసి నా ప్రాణం పోయిందనుకో."

మోకాళ్ళ నొప్పితో నాలుగు మెట్లు దిగలేని ఆవిడ మూడంతస్తులు దిగి పరుగెత్తుకొచ్చింది. నీహారిక పంచె లాగేసింది. కింద ఐదూ ఉన్నాయి. ఒక్కోదాన్నీ పాత నేతచీర ముక్కలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి, చీటీలు కూడా చెదరకుండా పెట్టి ఉన్నాయి.

"ఇవి మీరు…"

"చచ్చిపోయినవాళ్ళ కళ్ళమ్మా అవి," అంది పెద్దావిడ, నెమ్మదిగా. "పగలూ రాత్రీ నీ కడుపు వంకే చూస్తున్నట్టుంటే నాకు నిద్ర పట్టేది కాదు. రెండుసార్లు అయింది కదా. పారేస్తే నువ్వు బాధపడతావు. పురుడయ్యాక మళ్ళీ యథాస్థానంలో పెట్టేద్దామని లింగయ్య చేత ఇక్కడ పెట్టించా. ఎవరితోనూ అననని ఒట్టు కూడా వేయించుకున్నా. అన్నట్టు, ఊరెళ్ళాడటగా… ఎప్పుడొస్తాడూ?"

ఆవిడకి ఏమీ తెలియదు. ఎవరూ చెప్పలేదు. కోడలు ఇంట్లో అందర్నీ అనుమానించి నోరు కట్టేసుకుంది. అత్తగారు చాటుగా ప్రేమించి నోరు కట్టేసుకుంది. మధ్యలో నోరు విప్పకుండా మునిగినవాడు లింగయ్య. ఒట్టు తప్పడం కంటే దొంగ అనిపించుకోవడమే మేలనుకున్నాడు. కటకాన్ని కన్నంలో కూరింది కూడా అతనేనట. సంచిలోంచి తీసేటప్పుడు ఆ గొట్టం ఊడివస్తే, ఎలుకలు దూరి అమ్మ సామాను కొరక్కుండా అడ్డంగా ఉంటుందని తోశాడట. అది అతని మీదికే దెయ్యమై వచ్చింది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా? నీహారిక ఇదంతా చెబుతుంటే నేను తలెత్తలేకపోయాను. సిగ్గేసింది. ముప్పయ్యేళ్ళలో ఎన్ని టార్పాలిన్లు ఎత్తానో కానీ, మనిషి మౌనం కింద ఏముందో ఒక్కసారీ ఎత్తి చూడలేదు. అప్పటికప్పుడు ఏజెన్సీకి తప్పు నాదేనని రాసి, మర్నాడు బాలానగర్ వెళ్ళాను.

అక్కడ ఒక వర్క్‌షాపు వెనక, ఎల్లమ్మ తమ్ముడి ఒంటిగదిలో ఉన్నారు ఇద్దరూ. లింగయ్య నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. క్షమించమని అడిగాను, నిలబడే.

"పోనీయుండ్రి సార్. పెద్దమ్మ ఫోన్ల అన్ని జెప్పి ఏడ్చింది," అన్నాడు. "వస్త. గని పగటి డ్యూటీ ఇయ్యుండ్రి. రాత్రి వద్దు."

"ఇంకా భయమా లింగయ్యా? అదంతా ఆ కటకం చేసిన పని. దాంట్లోంచి చూస్తే బయట ఉన్నవన్నీ తలకిందులుగా పడతాయి."

"గదంత సమజైంది సార్. ఒక్క సంగతి చెప్పుండ్రి. గా అద్దంల అందరు తలకిందులనే కనవడాలె గదా?"

"అందరూనూ. ఎవరైనా సరే."

లింగయ్య ఎల్లమ్మ వైపు చూశాడు. ఆమె లేచి బయటికి వెళ్ళింది.

"మరి గా గుడ్డ మూలకు ఒకడు సీదాగ నిలవడి ఉండె సార్," అన్నాడు, వినీ వినపడకుండా. "కార్లు, మనుషులు, చెట్టు, అన్ని తలకిందులే. గాడొక్కడే సీదాగ. గాణ్ణి జూసే ఉరికిన నేను."

నేను నీళ్ళ మడుగులో నీడ అన్నాను. ఆ నెలంతా చినుకు పడలేదని నాకూ తెలుసు. కటకం మీద మరక అన్నాను. అతను వాదించలేదు. పగటి డ్యూటీ ఇస్తానని చెప్పి వచ్చేశాను. దారంతా ఒకటే లెక్క వేసుకున్నాను… గుడ్డ మీద నిలువుగా కనిపించాలంటే, గేటు దగ్గర వాడు ఎలా నిలబడి ఉండాలి?

సాయంత్రం మూడో అంతస్తుకి వెళ్ళాను. నీహారిక తలుపు తీసింది. భయపెట్టకూడదని నవ్వుతూనే అడిగాను, ఆ రాత్రి గుడ్డ మీద అందరూ తలకిందులుగానే ఉన్నారు కదమ్మా, ఎవరూ నిలువుగా లేరు కదా, అని.

లోపల అత్తగారు ఉన్నారేమో వెనక్కి తిరిగి చూసుకుని, తలుపు దగ్గరగా వేసి, నా దగ్గరికొచ్చి నిలబడింది.

"అది నేనెవరికీ చెప్పలేదే బాబాయిగారూ," అంది నెమ్మదిగా. "మీకెవరు చెప్పారు?"