ఒకే గొట్టం

"వాటిని చంపేస్తున్నావు నువ్వు."

బ్యూనస్ ఐర్స్‌లోని ఆ కేన్సర్ ల్యాబ్‌లో లిసాండ్రోకి అదే మొదటి రోజు. ఉలిక్కిపడి తిరిగి చూశాడు. వానకి తడిసిన జుట్టుతో ఒకమ్మాయి గుమ్మం అవతలే ఆగిపోయి ఉంది. చేతిలో మాతె అనే చేదు ఆకుల కషాయం నింపిన సొరకాయ బుర్ర, అందులో తాగే గొట్టం. దానితో ల్యాబ్ లోపలికి రాకూడదు. అందుకే అక్కణ్ణించే కేకలేస్తోంది. పేరు ఐలెన్ అని తర్వాత తెలిసింది.

కేన్సర్ కణాల్ని వెతికి చంపే నేచురల్ కిల్లర్ కణాలకి అతను మరికాస్త సైటోకైన్ పోయబోతున్నాడు. మగతగా ఉండే ఆ కణాల్ని తట్టి లేపేది సైటోకైన్లే. ఎక్కువ పోస్తే ఎక్కువ హుషారొస్తుందని అతని నమ్మకం.

"రాత్రంతా అందులోనే ఉంచాం. ఇక కడిగెయ్. లేచినవాణ్ణి ఇంకా కుదుపుతూ ఉంటే దేనికీ పనికిరాకుండా పోతాడు బాబూ."

"మీ ఇంట్లో మిమ్మల్ని ఎలా లేపేవాళ్లో?"

"మా అన్న బకెట్ నీళ్లు పోసేవాడు. ఒక్కసారే."

పని అయ్యి బయటికొచ్చాక బుర్ర అతనికి అందించింది. అందరూ ఒకే గొట్టంతో వంతులవారీగా తాగడమే మాతె మర్యాద. ఆ రోజు నుంచి ఇద్దరూ పోట్లాడుకోని పూట లేదు. అది ప్రేమేనని ల్యాబ్ మొత్తానికీ తెలుసు. వాళ్లిద్దరూ మాత్రం ఆ మాట ఎత్తలేదు.

మరుసటి శీతాకాలం ఐలెన్ చేతుల మీద నీలపు మచ్చలు తేలాయి. ల్యుకేమియా, రక్త కేన్సర్. కీమోకి లొంగలేదు. చివరికి మిగిలింది వాళ్లు రోజూ చేసే వైద్యమే. అన్న గాస్తోన్ రక్తంలోంచి తీసిన కిల్లర్ కణాల్ని లిసాండ్రోనే సైటోకైన్లలో ఉంచాడు. తెల్లవారగానే కడిగి, ఆమెకి ఎక్కించడానికి పంపాడు.

రోజూ మాస్కుతో వార్డుకి వెళ్లేవాడు. ఇన్‌ఫెక్షన్ భయంతో ఒకరి గొట్టం ఇంకొకరు ముట్టకూడదన్నారు. రెండు బుర్రలు తెచ్చేవాడు. ముక్కూమొహం తెలియనివాళ్లలా ఇదేం తాగడమని ఆమె సణిగేది.

జబ్బు తగ్గింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అన్న కణాలు ఆమె ఒంట్లో అలిసిపోయాయి.

లిసాండ్రో పెద్ద డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆ కణాల్ని ఒంట్లోనే మళ్లీ లేపే సైటోకైన్ ఇంజెక్షన్లకి బతిమాలాడు. రోగి ఒప్పుకుంటే చూద్దామన్నాడాయన. ఆ మాట చాలనుకుని వానలో పరుగెత్తుకొచ్చాడు.

ఐలెన్ అంతా విని నవ్వింది.

"మళ్లీ కుదుపుతున్నావు."

"ఇంకొక్కసారి, ఐలెన్."

"అవి అలిసిపోయాయి. నేనూ."

అప్పుడు గమనించాడు. తలుపు దగ్గర మాస్కుల పెట్టె లేదు. గోడ మీద హెచ్చరిక లేదు. బల్ల మీద ఒకటే బుర్ర, ఒకటే గొట్టం.

"పొద్దున వార్డు డాక్టరమ్మ వచ్చింది," అంది ఐలెన్. "ఇక ఏం తిన్నా, ఎవరితో తాగినా ఫర్వాలేదట."

ఆ ఫర్వాలేదు ఎందుకో అతనికి అర్థమైంది. మంచం అంచున కూర్చున్నాడు.

"నువ్వంటే నాకు ప్రాణం. ఎప్పుడో చెప్పాల్సింది."

"మొదటి రోజే తెలుసులే. నా చేదు మాతెని మొహం చిట్లించకుండా తాగినవాడివి నువ్వొక్కడివే."

లిసాండ్రో మాస్కు తీశాడు. గొట్టం ఇంకా ఆమె పెదాల వెచ్చదనంతోనే ఉంది. చివరి చుక్కదాకా తాగి, వేడినీళ్లు పోసి ఆమెకి అందించాడు. వంతు ఆమెది.

ఆమె చెయ్యి లేవలేదు. అతనే గొట్టాన్ని ఆమె పెదాలకి ఆనించి, ఆమె తాగేదాకా పట్టుకున్నాడు.