టీకా కుందేళ్లు ఎటువైపు?

"ఇరవై నాలుగు కుందేళ్లు. వాటికి నువ్వే పూచీ" అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ నవ్వబోయి ఆగిపోయాడు. చీఫ్ ముఖంలో నవ్వు లేదు.

మన ల్యాబ్‌లో సిఫిలిస్ బాక్టీరియా పైపొరలోని ఒక ప్రోటీన్‌తో టీకా తయారైంది. సగం కుందేళ్లకు టీకా, సగానికి ఉత్త సెలైన్ ఇచ్చారు. తర్వాత అన్నిటికీ బాక్టీరియా ఎక్కించారు. టీకా పనిచేస్తే, వేసినవాటికి పుండ్లు లేవవు. దీనికి పోటీగా ఒక విదేశీ ముఠా చేతిలో సొంత టీకా ఉంది. ఈ ప్రయోగాన్ని చెడగొట్టడమే వాళ్ల ప్లాన్.

అలా, నాలుగు దేశాల పోలీసులను ముప్పుతిప్పలు పెట్టిన మన వీరుడు బోనులు కడిగేవాడి వేషంలో చీపురు పట్టాడు. కుందేళ్లు అతన్ని పూచికపుల్లలా చూశాయి.

ల్యాబ్ హెడ్‌ని అందరూ డాక్టరమ్మ అంటారు. రెండో రోజే నైన్ ఆవిడను అడిగాడు, "ఎందుకమ్మా మీకింత తాపత్రయం?"

"మా చెల్లికి కడుపులోనే బిడ్డ పోయింది. ఈ జబ్బే. ఉందని దానికే తెలీదు" అంది ఆవిడ, బోను మీద నంబర్ సరిచేస్తూ. "ఇది పనిచేయాలి బాబూ. అంతే."

పదో రోజు ఇన్‌స్పెక్షన్‌కి వెటర్నరీ ఆఫీసర్ వచ్చింది. చూపు తిప్పుకోనివ్వని అందగత్తె. కోడ్‌వర్డ్ తడబడకుండా చెప్పింది. మన డిపార్ట్‌మెంట్ మనిషే, కనీసం ఆ ఉదయం వరకు.

"టీకా వేసినవి ఎటువైపున్నాయి?" అంది.

నైన్ చేతిలో చీపురు ఆగింది. ఆ గదిలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఏది టీకా కుందేలో డాక్టరమ్మకే తెలియదు. పుండ్లు కొలిచేవాళ్లు పక్షపాతం చూపకూడదని ఆ లిస్టు సీల్ వేసిన కవర్లో పెట్టారు.

ఆమె పెన్ను మూత తీసింది. లోపల సూది! ఎటువైపో చెప్పకపోతే అన్నిటికీ పొడిచేస్తుంది. అందులోని పెన్సిలిన్ పడితే అన్ని కుందేళ్లకూ జబ్బు నయమైపోతుంది, టీకా సంగతి ఎప్పటికీ తేలదు. సూది మొదటి కుందేలును తాకేలోగా చీపురుకర్ర ఆమె మణికట్టు మీద పడింది.

"డబుల్ ఏజెంట్‌వా?"

"నువ్వు నిజంగానే బోనులు కడుగుతున్నావా?" అంది ఆమె జాలిగా.

నెల తర్వాత కవర్ విప్పారు. టీకా వేసిన పన్నెండిటికీ పుండ్లు లేచాయి, వేయనివాటికి లేచినట్టే. డాక్టరమ్మ లిస్టును మళ్లీ మొదటినుంచి చదివింది. నైన్‌కి దిక్కుతోచలేదు. ఎవర్ని పట్టుకోవాలి? ఎవరి చెయ్యి విరవాలి? జీవితంలో ఇంత చేతకానివాడిగా ఎప్పుడూ నిలబడలేదు.

"ఇంకో ప్రోటీన్ చూడాలి" అంది ఆవిడ, కళ్లు తుడుచుకోకుండానే.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "మనం ఇంత కాపలా కాశామంటే అది దివ్యౌషధమే అనుకుంటున్నారు అవతలివాళ్లు. ఫార్ములా కొట్టేయడానికి రేపు మనిషిని పంపుతున్నారట."

"నన్నేం చేయమంటారు సార్?"

"తలుపు తీసి పట్టుకో."