వట్టిపోని బర్రె

గౌలిపురలో రాజన్న పాలు ఒక్కపూట తప్పాయని చెప్పగలిగిన మనిషి లేడు. వాన కొట్టినా, కర్ఫ్యూ పెట్టినా, సైకిలుకు రెండువైపులా క్యాన్లు వేలాడేసుకుని పొద్దున ఆరింటికొకసారి, సాయంత్రం నాలుగున్నరకొకసారి చార్మినార్ పక్క చాయ్ హోటల్ ముందు గంట కొట్టేవాడు. "టైమంటే రాజన్నదే భాయ్" అని హోటలాయన అంటే చాలు, మనవాడి మీసం మరో అంగుళం లేచేది. ఆ మీసం లేవడానికి ఇంట్లో ఎవరి నడుము వంగుతోందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వంగేది పెళ్ళాం కళావతి నడుము. నాలుగు బర్రెలకు పెండ ఎత్తేదీ, గడ్డి వేసేదీ, కుడితి కలిపేదీ, రెండుపూటలా పిండేదీ ఆమే. రాజన్న పాలు పోసి వచ్చేవాడు. పోసి రావడమూ పనే, నేను కాదనను. కానీ పోసొచ్చి మంచమెక్కేవాడికీ, ఆ మంచం కింద ఊడ్చేదానికీ తేడా ఉంటుందా ఉండదా, మీరే చెప్పండి.

డెబ్బైమూడు ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. హోటలాయన ఇంకో క్యాను అడిగాడు. రాజన్న ఇంట్లో ఒక్కమాట అడక్కుండా తలూపాడు. ఆ క్యాను నిండాలంటే దూడలకు వదిలే పాలు కూడా పిండాల్సిందే. పెద్దబర్రె దూడ పదకొండు రోజులు ఎండిన పొదుగు చీకింది. పన్నెండోనాడు మెడ వాల్చేసింది.

దూడ చస్తే పాలవాళ్ళకు ఒక ఉపాయం ఉంది. తోలు ఒలిచి, ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకి నాకి, నా బిడ్డే అనుకుని పాలు చేపుతుంది. పాపమే, కానీ అందరూ చేసేదే. రాజన్న తన చేత్తోనే కుట్టాడు. మూతి దగ్గర కుట్లు దగ్గరదగ్గరగా, గట్టిగా వేశాడు.

గడ్డిదూడతో ఎన్నాళ్ళు నెట్టుకొచ్చినా పాలు మెల్లగా తగ్గి, బర్రె వట్టిపోతుంది. ఈ బర్రెకు తగ్గలేదు. రోజురోజుకూ ఎక్కువిచ్చింది. పక్కటెముకలు లెక్కపెట్టేంతగా చిక్కిపోయింది, కళ్ళు గుంటలు పడ్డాయి, పాలు మాత్రం నురగలు కక్కుతూ వచ్చాయి. లక్ష్మి ఇంట్లో కాలుపెట్టిందని రాజన్న మురిసిపోయాడు.

ఆ రోజుల్లోనే కళావతి కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మర్నాడు అసలే వేయలేదు. తిట్టినా పలకలేదు, అదీ వింత, ఎందుకంటే ఆవిడ ఒక్కమాట అంటే నాలుగు అప్పజెప్పే మనిషి. పిలిస్తే మూడో పిలుపుకు తిరిగేది. బకెట్ పట్టుకుని కొట్టం గడపలో ఎందుకొచ్చిందో మరిచిపోయి నిలబడేది.

"పండుకుంటే ఒళ్ళు లేస్తలేదు, లేస్తే మనసు లేస్తలేదయ్యా" అంది ఒకరోజు. "ఒక్కనాడు కిషన్‌బాగ్ పోయి మా అమ్మ దగ్గర పండుకొనొస్త."

"మరి పాలెవరు పిండుతరు? చచ్చిన మా అవ్వ లేచొస్తదా?" అన్నాడు రాజన్న. "చాయ్ తాగు, అదే పోతది."

ఆమె గొంతు తగ్గించి అంది. "ఆ గడ్డిదూడ బరువైతుందయ్యా. నిన్న జరపబోతే జరగలే."

"నీ చేతులల్ల బలం లేక."

పక్కింటి బుచ్చమ్మ పశువుల రోగాలు చూసే ముసలామె. ఆ సాయంత్రం సైకిలు అడ్డగించింది.

"రాజన్నా, బర్రె కుడితి ముట్టకపోతే, నెమరు మానేస్తే, చెవులు వాలేస్తే ఏం జేస్తవ్?"

"పిండుడు ఆపుత. నాకే నేర్పుతున్నవా అవ్వా?"

"మరి మీ ఇంట్ల ఇంకోటి నెమరు మానేసి నెలైంది. గది గనబడ్తలేదా నీకు?"

రాజన్న నవ్వేశాడు. "పెండ్లిళ్ళు గడవనీ అవ్వా. పది దినాలు. తర్వాత మస్తు పండుకుంటది."

"ఈనే ముందు బర్రెకే పిండకుండ రెండు నెలలు వట్టికాలం ఇస్తం. మనిషికి వద్దా? గది ఇయ్యకుండ పిండితే పాలు రావు కొడుకా, పానం వస్తది."

ముసలిదాని చాదస్తమని తొక్కుకుంటూ పోయాడు. పది దినాల్లో ఆరు గడిచాయి.

ఏడోనాడు మధ్యాహ్నం రెండున్నర. ఎండ చటచటలాడుతోంది. రాజన్న ముందుగదిలో మంచం మీద వాలాడు. వెనక కొట్టంలోంచి పాలు బకెట్‌లో పడే చప్పుడు వస్తోంది. సుర్ర్... సుర్ర్... ఆ చప్పుడుకే నిద్రపట్టింది. మెలకువ వచ్చేసరికి నాలుగైంది. చప్పుడు ఇంకా వస్తోంది.

ఎంత పెద్ద పొదుగైనా గంటన్నర పిండేందుకు ఏముంటుంది?

"కళా! అయిందా?"

సుర్ర్... సుర్ర్...

కొట్టంలోకి వెళ్ళాడు. ఎండలోంచి రేకుల నీడలోకి రాగానే కళ్ళకు చీకట్లు కమ్మాయి. పెండవాసన, పాలవాసన, వాటి మీద ఇంకో వాసన... మాంసం కొట్టు ముందు నడిచేటప్పుడు వచ్చేది. మూడు బర్రెలు తాళ్ళు తెగేలా లాక్కుని వెనకగోడకు అతుక్కుపోయి ఉన్నాయి. ఒక్కటీ అరవడంలేదు. వణుకుతున్నాయి.

కాలికి ఏదో తగిలింది. పెద్దబర్రె. నాలుక బయటపెట్టి అడ్డంగా పడి ఉంది. రాజన్న వంగి పొదుగు మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. ఖాళీ తిత్తి.

మరి చప్పుడు దేనిది?

ఆయన తల ఎత్తాడు.

కళావతి గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్ళ మధ్య బకెట్. ఎడమచేయి ముందుకు చాపి, కుడిచేత్తో దాన్ని మోచేతి నుంచి మణికట్టు దాకా దిగలాగుతోంది. లాగినప్పుడల్లా చీలిన చర్మంలోంచి సుర్రున బకెట్‌లోకి... ఎర్రగా. ఆ మణికట్టును గడ్డిదూడ నోట పెట్టుకుని ఉంది. కుట్లు తెగి వేలాడుతున్నాయి. దాని గొంతు కదులుతోంది.

"కళా..."

"ఉండయ్యా" అని గుసగుసగా అంది, తల తిప్పకుండా. "ఇంకా ఒక్క క్యానే."

రాజన్న అరిచి ఆ మూతిని రెండు చేతులా పట్టి గుంజాడు. తోలు మూతిలో పళ్ళు ఉండవు. ఆయనే ఒలిపించాడు, ఆయనే కుట్టాడు. కానీ పళ్ళు దిగాయి. పటుక్కుమంది. చూపుడువేలు, దాని పక్కవేలు సగం సగం పోయాయి. చూరులోంచి కొడవలి లాగి మెడ మీద వేశాడు. ఒకటి. రెండు. మూడు. ముఖం మీద వేడిగా చిమ్మింది. మెడ నుంచి పొట్ట దాకా చీలి గడ్డి బయటపడింది, నెమరు వేసి వేసి మెత్తగా చేసిన గడ్డి, పొగలు కక్కుతూ, నెత్తురు కారుతూ. తల తెగి కిందపడ్డాక కూడా అది మణికట్టు వదల్లేదు. దవడల మధ్య కొడవలి దోపి విరిచాడు. అప్పుడు అది ఒక్కసారి అరిచింది. ఆకలితో దూడ అరిచే అరుపే.

కళావతి ఒరిగిపోయింది. చేతులు మాత్రం గాలిలో పిండుతూనే ఉన్నాయి.

కిరోసిన్ పోసి గడ్డిదూడను తగలబెట్టాడు. బుచ్చమ్మ ఇద్దరి గాయాలకూ పసుపు కూరి కట్టు కట్టింది, తర్వాత డాక్టరు కట్టు విప్పి కుట్లు వేశాడు. అదే రాత్రి రిక్షాలో కళావతిని కిషన్‌బాగ్‌లో తల్లి సుందరమ్మ దగ్గరికి చేర్చాడు. మిగిలిన మూడు బర్రెలను బుచ్చమ్మ కొట్టంలో వదిలేశాడు. హోటలాయన మనిషిని పంపితే "రాజన్న పాలు బందైనయని చెప్పు" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు రెండు వేళ్ళు, ఒక బర్రె, సగం పెళ్ళాం ఖర్చయ్యాయి. ఒక్క వారం ముందు అని ఉంటే... అని ఏడ్చాడు. అత్త ముందే, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

మూడోనాడు మధ్యాహ్నం కళావతి చేతులు ఆగాయి. సుందరమ్మ దేవుడికి దండం పెట్టుకుని జావ కాచేందుకు లోపలికి పోయింది. రాజన్న మంచం పక్కన కూర్చుని ఆ ఎండిన జుట్టు నిమిరాడు.

"ఇగ లేవకే. ఎన్ని నెలలైన గానీ పండుకో. ఏ పనీ లేదు నీకు. నేనున్న."

ఆమె కళ్ళు తెరిచింది. ఆయనను గుర్తుపట్టింది. పెదవులు కదిలాయి. చెవి దగ్గరపెట్టాడు.

"నా కాళ్ళెవరు కట్టిన్రు?"

"ఎవరు కట్టలే కళా."

"విప్పుమను..." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "తన్నను. నేను తన్ననని చెప్పయ్యా వాళ్ళకు."

రాజన్న దుప్పటి పైకి లేపాడు. తాడేమీ లేదు. కానీ రెండు చీలమండల చుట్టూ, తన్నే బర్రెను పిండేముందు బిగించే చోట, చర్మం మీద పేటల తాడు అచ్చు లోతుగా పడి ఉంది.

ఆయన చూస్తుండగానే ఆ అచ్చు ఇంకొంచెం లోపలికి దిగింది.