శాలువా మీద ఒక చెయ్యి తక్కువ

మార్గరెట్ హాలోవే ఆత్మకథ అచ్చువేసిన బ్రిటిష్ పబ్లిషర్, జెర్సీ సిటీలో లిఫ్ట్ బటన్ నొక్కి ఇరవయ్యో అంతస్తు చేరేలోపే పోయాడు. బటన్ మీద విషం. చర్మానికి తగిలితే చాలు.

"నెక్స్ట్ టార్గెట్ హాలోవేనే." జితేందర్ ఇయర్‌పీస్‌లో చీఫ్ విజయశ్రీ గొంతు. "మాజీ సెనేటర్. పుస్తకంలో ఓ విదేశీ గూఢచారి ముఠావాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఇవాళ జార్జియా కమ్మింగ్‌లో మన తెలుగు అసోసియేషన్ చేసే సన్మానం అవ్వగానే స్టేజి మీద చదువుతుందట."

"ఆపొచ్చు కద మేడమ్?"

"చెప్పాం, వినలేదు. స్టేజి మీద యాంకర్ స్మృతి మన ఏజెంటే. కోడ్ వర్డ్ గోంగూర."

ఆత్మకథలో కథ తీసేసి, హాలోవేని ఒట్టి ఆత్మగా మిగల్చాలని శత్రువుల పథకం. జితేందర్ ఫోటోగ్రాఫర్ వేషంలో హాలంతా తిరిగాడు. లెన్స్‌లోని స్కానర్‌కి ఒక్క తుపాకీ చిక్కలేదు. చిక్కకపోవడమే చిక్కు.

"గోంగూర ఫ్రెష్‌గా ఉంది. ఆల్ క్లియర్," అంటూ పట్టుచీర గరగరలాడించుకుంటూ స్మృతి పక్కనుంచి వెళ్లింది.

ప్రెసిడెంట్ కేశవరావు మైకు వదిలాడు. వదిలాడంటే లాక్కున్నారు. స్మృతి శాలువా పళ్లెం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ప్లాస్టిక్ కవర్ అంచును కత్తెరతో కోసింది.

"రండి, అందరూ తలా ఒక చెయ్యి వేయండి," అన్నాడు కేశవరావు.

సన్మానం ఒకరికే. కప్పే చేతులు మాత్రం కమిటీవన్నీ ఉండాలి. సెక్రటరీ, మాజీలు, మాజీల భార్యలు తోసుకొచ్చారు. సందు దొరకనివాళ్లు పక్కవాళ్ల చంకల్లోంచి వేళ్లు చాపుతున్నారు.

ఒక్కరు మాత్రం వెనక్కి జరిగారు. స్మృతి.

జితేందర్ కెమెరా దించాడు. మూడేళ్లుగా ఈ అసోసియేషన్‌లో ఆమె లేని ఫోటో లేదు.

తుపాకీ తీస్తే తొక్కిసలాట. ఆ తోపులాటలో శాలువా ఎవరి మీద పడుతుందో. కేశవరావు వేళ్లు కవర్‌లోకి దూరుతున్నాయి.

"ఆగుండ్రి సార్. ఎవరూ కదలొద్దు. లైటింగ్ బాలేదు."

అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. మనవాళ్లు పోలీసు మాట వినకపోవచ్చు గానీ, ఫోటోగ్రాఫర్ మాట జవదాటరు. కేశవరావు వేళ్లు బట్టకు అంగుళం దూరంలో ఆగాయి. నవ్వు మాత్రం ఆగలేదు.

"స్మృతి గారూ, మీరొక్కరే మిస్సింగ్. ఒక చెయ్యి వెయ్యుండ్రి."

"పర్లేదు, నేను మైకు చూసుకుంటా."

"ఒక్క సెకండే. ముట్టుకుంటే చాలు."

ఆమె నవ్వు ఆరిపోయింది. చూపు గుమ్మం వైపు పరుగెత్తింది, వెంటనే కాళ్లూ.

జితేందర్ ఫ్లాష్ నొక్కాడు. కళ్లు బైర్లు కమ్మే తెల్లటి మెరుపు. జనం కళ్లు నలుపుకునేలోగా కెమెరా బ్యాగ్‌ను పళ్లెం మీద బోర్లించాడు. దారి కనపడని స్మృతి, గుమ్మం దగ్గర కాపలా ఉన్న ఇద్దరు ఏజెంట్ల చేతుల్లోకే వెళ్లి పడింది.

శాలువాకు విషం పూశారని జితేందర్ చెవిలో చెప్పగానే కేశవరావు పాలిపోయాడు. అరనిమిషం తన వేళ్లనే చూసుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అయితే మేడమ్‌కి శాలువా లేనట్టేనా?"

"ప్రాణం ఉంది కద సార్."

"అదెలాగూ ఉంటుందయ్యా. నా కారు ట్రంక్‌లో ఇంకోటుంది, తెస్తా. సేఫే. ఇప్పటికి నలుగురికి కప్పాం, నలుగురూ బతికే ఉన్నారు."