బంతిలో కూర్చోనివాళ్లు

2086లో భద్రాచలం పోలీసులు దొంగ కోసం పరిగెత్తడం మానేశారు. తలుపు గడియకు అంటిన చెమట చుక్కను 'ఆనవాలు'కు ఇస్తే చాలు. అందులోని జన్యుగుర్తులు ఎవరివో, అలాంటి గుర్తులు ఆ జనంలో ఎందరికి ఉంటాయో ఆ యంత్రం లెక్కగట్టి చెప్పేది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ తెల్లం ఇందుమతికి పెళ్లయి నెలే. పొద్దున భర్త నోట్లో పెట్టిన ఇప్పపువ్వు లడ్డు ఇంకా బుగ్గనే ఉంది. తెర మీద పేరు చూసి నమలడం మరిచిపోయింది.

"విత్తన నిధిలో దొంగతనం. చెమట ఎండిపోయి ఆరు గుర్తులే దొరికాయి. అవి పోలీసులు అనుమానంతో పట్టుకొచ్చిన కారం జోగయ్యవి. ఇలాంటివి కోయల్లో పది లక్షల మందిలో ఒక్కరికే ఉంటాయి," అంది ఆనవాలు.

జోగన్న! తన ఊరివాడు, తన పెళ్లిలో అన్నం గుండిగలు దించినవాడు. సాయంత్రం నాలుగింటికి తీర్పు. ఏడేళ్ల జైలు ఖాయం.

"ఈ లెక్క నీకెవరిచ్చారు?"

"మీరే. మీ పెళ్లిలో తీసిన రెండు వందల పన్నెండు నమూనాలు."

నిజమే. నలుగురూ ఒకచోట దొరుకుతారని పెళ్లికూతురే చేతులు కడుక్కునే చోట గొట్టాలు పెట్టించింది. బంతి లేచినవాళ్లంతా నవ్వుతూ వాటిలో ఉమ్మి వెళ్లారు.

"మా ఇప్పలగుంపు వాళ్లవి ఎన్ని?"

"ఒక్కటీ లేదు."

ఇందుమతి నుదురు కొట్టుకుంది. ఆఖరి చుట్టం లేచేదాకా ఇంటివాళ్లు విస్తరి ముట్టరు! ఊరంతా వండుతూ వడ్డిస్తూ ఉండిపోయింది. వాళ్లు తినేసరికి గొట్టాలు సర్దేశారు. తరతరాలుగా ఒకే నెత్తురు పంచుకున్న ఆ ఊరు లెక్కలోకే రాలేదు.

భర్తకు ఫోన్ చేసింది.

"కొత్త పెళ్లామని సెలవు పెడితే, ఊళ్లో ఉమ్మి ఏరిస్తావా?" అంటూనే అతను ఎగిరే పడవ తెచ్చాడు.

మధ్యాహ్నానికల్లా తొంభై ఆరు గొట్టాలు నిండాయి. చివరిది మేనత్త ఇందుమతి నోటికే పెట్టింది. "ఊయ్యవే! నువ్వు మాత్రం ఆ రోజు తిన్నావా ఏంటి?"

నాలుగింటికి కోర్టులో ఆనవాలు గొంతు విప్పింది. "నా లెక్క తప్పు. ఆ ఊళ్లో ఈ గుర్తులు పంతొమ్మిది మందిలో ఒకరికి ఉన్నాయి. సరిపోయినవాళ్లు ఐదుగురు. జోగయ్య, ఇద్దరు ముసలమ్మలు, ఆరేళ్ల పాప..."

"ఐదోవారు?" అడిగారు న్యాయమూర్తి.

"నన్ను తయారుచేసిన డాక్టర్ ఇందుమతి."

కోర్టు గొల్లున నవ్వింది. ఇందుమతి లేచి రెండు చేతులూ చాపింది. "జోగన్నకు బేడీలు వేస్తే నాకూ వేయండయ్యా!"

న్యాయమూర్తి నవ్వాపుకోలేక కేసు కొట్టేశారు.

మెట్లు దిగుతూ జోగయ్య కళ్లు తుడుచుకున్నాడు. "చెల్లే, నువ్వూ దొంగవేనని బావకు పెళ్లికి ముందే చెప్పుంటే బాగుండేది!"

"చెప్పినా వదిలేవాణ్ణి కాదు బావా," అన్నాడు పెళ్లికొడుకు, భార్య చెయ్యి గట్టిగా పట్టుకుని.