నవంబరులో పండే ఇనుము

ఏజెంట్ రెమీ శవం చక్కెర దుంపల గుట్టలోంచి బయటపడింది.

నవంబరులో ఉత్తర ఫ్రాన్స్‌లోని వెర్లాంకూర్ కాంటన్‌లో, ఆ చిన్న తాలూకాలో, ఏ రోడ్డు పక్కన చూసినా అలాంటి గుట్టలే. ఫ్యాక్టరీ లారీ క్రేన్ దుంపల్ని పిడికిట పట్టి పైకి లేపింది. వాటి మధ్య ఒక చెయ్యి వేలాడుతోంది. డ్రైవరు ఇంజన్ ఆపి, టోపీ తీసి, దిగే ధైర్యం చాలక సీటులోనే కూర్చుండిపోయాడు.

గుండెలో ఒక్కటే తూటా. సైలెన్సర్ వాడారు. చనిపోయే ముందు రెమీ ట్రాన్స్‌మిటర్ నుంచి ఆమియాన్‌లోని హెడ్‌క్వార్టర్స్‌కి చేరినవి రెండే మాటలు.

"పదకొండున కాదు..."

ఆ తర్వాత గరగర.

"వాయిదా వేశారని అర్థమా?" చీఫ్ లెవాసర్ పైపు నోట్లోంచి తీశాడు. "మన ఇన్‌ఫార్మర్ 'గువ్వ' మాత్రం పదకొండునే అంటోంది. అంటే రేపే. వెర్లాంకూర్ యుద్ధ స్మారకం దగ్గర మంత్రి పూలగుచ్ఛం పెడుతుండగా బాంబు పేలుతుందట. కాంటన్‌లో ఉన్న పోలీసులందర్నీ ఆ రాయి చుట్టూ నిలబెట్టాను."

ఎదురుగా కూర్చున్న ఒదీల్ విడాల్ వేలికున్న కొత్త ఉంగరాన్ని తిప్పుకుంటోంది. అది దీపం వెలుగులో మెరిసినప్పుడల్లా, వద్దనుకుంటూనే, మురిసిపోతోంది.

"నువ్వు ఆ కాంటన్ పిల్లవే కదా?"

"అక్కడే పుట్టాను సార్. దుంపల్లోనే పెరిగాను."

"అయితే ఇప్పుడే వెళ్లి గువ్వని కలువు. కోడ్: 'ఈ ఏడు వడగళ్లు పడ్డాయా?' జవాబు: 'పడినా గాజు కిటికీలకే నష్టం.' ఇదిగో లిప్‌స్టిక్. అడుగు తిప్పితే ఒక తూటా పేలుతుంది. జాగ్రత్త." ఆయన గొంతు తగ్గించాడు. "మీ ఆయనకి నీ సంగతి తెలుసా?"

"వడగళ్ల బీమా అమ్ముతాననుకుంటున్నాడు సార్. పెళ్లయి మూడు వారాలేగా. ఇంకా నేనేం చెప్పినా నమ్ముతున్నాడు."

* * *

గువ్వ అసలు పేరు సోలాంజ్ మెరికూర్. చనిపోయిన ఒక కల్నల్ భార్య. రెండేళ్ల కిందట పారిస్ నుంచి వచ్చి పొలాల మధ్య పాత భవంతి కొనుక్కుంది. నల్ల పట్టు గౌను, ముత్యాల దండ, గదిలోకి ఆమెకంటే ముందు వచ్చే సెంటు వాసన.

కోడ్ మాటలు ముగిశాయి. సోలాంజ్ కాఫీ పోసింది.

"రేపే అమ్మాయ్. స్మారకం కిందే. నా మాట మీద నమ్మకం ఉంచమని మీ చీఫ్‌కి చెప్పు."

"రెమీ ఇంకోలా అన్నాడండీ."

"పాపం రెమీ." ఆమె కళ్లు గోడ గడియారం మీదికి వెళ్లి వచ్చాయి. "అన్నట్టు, పొద్దున్నే మీ ఆయన్ని చూశాను. మార్సెయ్ అబ్బాయి కదూ? ఎంత అందగాడమ్మా! నిన్న మా కౌలు రైతు గేటు పక్క చేను దున్నుతుంటే ఫిరంగి గుండు బయటపడింది. పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మీ ఆయన వచ్చి వ్యానులో వేసుకెళ్లాడు."

ఇందులో వింతేమీ లేదు. మొదటి ప్రపంచయుద్ధం ఈ నేలలో వదిలేసిన గుండ్లు నాగలి తగిలినప్పుడల్లా పైకి వస్తూనే ఉంటాయి. రైతులు వాటిని చేను గట్టున పెట్టి, ఫోన్ చేసి, మళ్లీ పనిలో పడతారు. ఒదీల్ భర్త బాస్తియాన్ ఉద్యోగం వాటిని ఏరుకొచ్చి కొండ అవతలి డిపోలో చేర్చడం.

"ఇంకో కప్పు తాగు. ఇంత మంచులో ఏం వెళ్తావు? కూర్చో."

మళ్లీ గడియారం వైపు చూపు. ఈమె తనని కూర్చోబెడుతోంది. ఎందుకు?

"లేదండీ, చీఫ్ ఎదురుచూస్తుంటారు."

గేటు దగ్గరికి వచ్చేసరికి మంచు కాస్త విడింది. ఒదీల్ తన చిన్న సిట్రోయెన్‌కి బ్రేకు వేసింది.

గేటు పక్క చేను నిండా పచ్చటి ఆకులు. దుంపలు ఇంకా భూమిలోనే ఉన్నాయి.

దుంపలు పీకని చేలో ఎవరూ నాగలి పెట్టరు. నాగలి పెట్టకపోతే గుండు పైకి రాదు. కాంటన్‌లో అయిదేళ్ల పిల్లని అడిగినా చెబుతుంది. పారిస్ గౌనుకి తెలియలేదు. సముద్రం ఒడ్డున మార్సెయ్‌లో పెరిగిన బాస్తియాన్‌కీ తెలియదు. పెళ్లి విందులో దుంపని చూసి ముల్లంగా అని అడిగినవాడు. పైగా అప్పుడు దట్టమైన మంచు.

పదకొండున కాదు. ఇవాళే! స్మారకం కింద కాదు, బాస్తియాన్ వ్యానులో! వ్యాను డిపోకి వెళ్తుంది. డిపోలో వందల గుండ్లు. వాటిలో విషవాయువు నింపినవి ఎన్నో. ఒక్కటి పేలితే చాలు, గాలి ఎటు వీస్తే అటు ఊళ్లకు ఊళ్లు చచ్చిపోతాయి. మొదట పోయేది బాస్తియాన్.

ఆమె యాక్సిలరేటర్ తొక్కింది. అద్దంలో సోలాంజ్ ఎర్ర స్పోర్ట్స్ కారు కనిపించింది. వెనక అద్దం భళ్లున పగిలింది. రెండో తూటా చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

ముందు మలుపు. ట్రాక్టర్లు రాల్చిన దుంపల బురద రోడ్డంతా వెన్నలా పరుచుకుని ఉంది. ఒదీల్ బ్రేకు ముట్టుకోలేదు. గేరు తగ్గించి, ముసలి గుర్రాన్ని దాటించినట్టు నెమ్మదిగా దాటింది. వెనక ఎర్ర కారు బ్రేకు వేసింది. అంతే. బొంగరంలా తిరిగి దుంపల గుట్టలోకి దూరిపోయింది. లారీలోకి దుంపలెత్తుతున్న రైతులు పలుగులు పట్టుకుని మూగారు.

"పిస్టల్ లాగేసుకోండి, ఆవిణ్ని వదలకండి!" కిటికీలోంచి అరిచి ఒదీల్ ఆగకుండా పోయింది.

డిపో దారి ఖాళీగా ఉంది. వెళ్లిపోయాడా?

అప్పుడు కనిపించింది, దారి పక్కన పొలం చేసుకునే జెర్మేన్ పెద్దమ్మ వాకిట్లో బాస్తియాన్ బూడిదరంగు వ్యాను. కాంటన్‌లో గుండు తీసుకోవడానికి వచ్చినవాణ్ని ఎవరూ ఊరికే పంపరు. సారా చుక్క పోసిన వేడి కాఫీ తాగించాల్సిందే. డిపో ఎంత దూరమో లెక్కగట్టినవాళ్లు ఆ కాఫీని లెక్కలో వేసుకోలేదు.

ఒదీల్ వంటింట్లోకి దూసుకెళ్లింది. బాస్తియాన్ ఒక చేతిలో కప్పు, మరో చేతిలో ఆపిల్ కేకు ముక్కతో, బుగ్గలు ఉబ్బించి కూర్చున్నాడు.

"వచ్చావా పెళ్లికూతురా!" అంది జెర్మేన్. "మీ ఆయనకి తిండి పెట్టడం లేదా ఏంటి? కేకు సగం లేదు!"

"బాస్తియాన్, మెరికూర్ గేటు దగ్గరి గుండు ఎక్కడుంది?"

"వ్యానులో, ఇసక మీద, చివర. ఏమైంది? మొహం అలా..."

"అది పాతది కాదు. దాని లోపల గడియారం ఉంది."

అతను ఎందుకని అడగలేదు. కప్పు కింద పెట్టి పరుగెత్తాడు. తుప్పు పట్టిన గుండుకి చెవి ఆనించాడు.

"నిజమే. పాతవి నిద్రపోతాయి. ఇది మాట్లాడుతోంది."

"పెరట్లో సున్నపురాతి గొయ్యి ఉంది, చాలా లోతు."

"నువ్వు పెద్దమ్మని తీసుకుని పరుగెత్తు."

"కుదరదు. దారి నీకు తెలియదు."

అతను గుండుని పసిపిల్లలా ఎత్తుకున్నాడు. ఆమె ముందు నడిచింది. కోళ్లగూడు పక్కగా, తడిగడ్డి మీదుగా. టిక్కుటిక్కులు ఇప్పుడు ఆమెకీ వినిపిస్తున్నాయి. అవి వేగం పుంజుకున్నాయి. బాస్తియాన్ గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చుని గుండుని లోపలికి వదిలాడు. ఇద్దరూ రాతిగోడ వెనక పడ్డారు.

అది అడుగుకి చేరలేదు. మధ్యలోనే పేలింది.

నేల లేచి పడింది. తర్వాత నిశ్శబ్దం. ఆకాశం నుంచి తెల్లటి సున్నం మెల్లగా రాలింది. బాస్తియాన్ కనురెప్పల దాకా తెల్లగా ఉన్నాడు. ఒదీల్ జుట్టు మీద పెళ్లినాటి ముసుగు మళ్లీ వేసినట్టుంది.

"బ్రతికే ఉన్నావా?" అన్నాడు.

"నీ పెదవి మీద కేకు తునక కూడా ఉంది." ఆమె వేలితో తుడిచింది. అతను ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"వంటింటి కిటికీలు ఎవరు బాగుచేయిస్తారర్రా?" లోపలినుంచి జెర్మేన్ కేక.

బాస్తియాన్ పెళ్లాం వైపు పరిశీలనగా చూశాడు. "అది వడగళ్ల బీమా కిందికి వస్తుందా?"

"ఎందుకు రాదు?" అంది ఒదీల్. "ఆకాశం నుంచేగా పడింది."

మర్నాడు మంత్రి వచ్చి, పూలగుచ్ఛం పెట్టి, జలుబు తెచ్చుకుని వెళ్లిపోయాడు. మరో వారానికి మెరికూర్ గేటు పక్క చేలో దుంపలు పీకి, నాగలి పెట్టారు. మొదటి చాలులోనే రెండు గుండ్లు బయటపడ్డాయి. రైతు వాటిని గట్టున పెట్టి, పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేసి, కాఫీకి నీళ్లు పొయ్యి మీద పెట్టాడు.